అల్సర్‌కి చిల్లు పడితే కోవిడ్ రిపోర్టు కోసం ఆగాలా?

కడుపునొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే మామూలు గ్యాస్ట్రిక్ మనిషి "రెండు మూడు రోజుల్నుంచండీ" అంటాడు. అల్సర్‌కి చిల్లు పడిన మనిషి మాత్రం టైము చెప్తాడు. పొద్దున ఆరున్నరకి, గేదె దగ్గర పాలు పితుకుతుంటే పట్టేసిందంటాడు. క్యాజువాలిటీలో కేస్‌షీట్ మీద మొట్టమొదట రాయాల్సింది ఆ టైమే. ఈ జబ్బులో లెక్కలన్నీ అక్కణ్ణుంచే మొదలవుతాయి.

కోవిడ్ వచ్చాక ఆపరేషన్ పెద్దగా మారలేదు. ఆపరేషన్ బల్ల దాకా రావడానికి పట్టే టైమే మారింది. మళ్లీ ఇలాంటి మహమ్మారి వస్తే ఎక్కడ ఆగకూడదో, ఎక్కడ ఆగినా ఫర్వాలేదో రాసిపెడదామని ఈ పోస్టు. హౌస్‌సర్జన్లకి పనికొస్తుంది, ఇంట్లో మోకాళ్ల నొప్పుల బిళ్లలు వేసుకునే పెద్దవాళ్లున్న ఎవరికైనా పనికొస్తుంది.

ముందు చిల్లు సంగతి. జీర్ణాశయం అయిపోయి చిన్నపేగు మొదలయ్యే చోట, అంటే డుయోడినమ్ మొదటి భాగంలో, ముందువైపు గోడకి ఎక్కువగా పడుతుంది. వెనకవైపు పుండు పడితే అక్కడున్న రక్తనాళాన్ని తొలిచి రక్తపు వాంతులు తెప్పిస్తుంది, అది వేరే కథ. ముందువైపు చిల్లు చాలాసార్లు సెంటీమీటరు కూడా ఉండదు. అందులోంచి యాసిడ్, పైత్యరసం, తిన్న తిండి పొట్ట ఖాళీలోకి కారతాయి. మొదటి ఆరు గంటలూ యాసిడ్ వల్ల కాలిన మంట. పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది, మనిషి కదలడు, ఊపిరి కూడా పైపైనే తీసుకుంటాడు. తరవాత పొట్ట లోపలి పొర నీరు ఊరి యాసిడ్‌ని పలచన చేస్తుంది. నొప్పి కాస్త తగ్గినట్టు ఉంటుంది. మోసపోయేది ఇక్కడే. "తగ్గిందండీ, ఇంటికెళ్తాం" అంటారు, పంపించేసేవాళ్లూ ఉంటారు. పన్నెండు గంటలు దాటాక సూక్ష్మక్రిములు పెరిగి అసలు పెరిటొనైటిస్, అంటే పొట్ట లోపలి పొరంతా ఇన్ఫెక్షన్, మొదలవుతుంది. అప్పటికి పొట్ట ఉబ్బి, నాలుక ఎండి, నాడి నూటఇరవై మీద ఉంటుంది. లాక్‌డౌన్‌లో, ఆసుపత్రికి పోతే కోవిడ్ అంటుకుంటుందన్న భయంలో, జనం ఇంట్లో గడిపేసిన గంటలు సరిగ్గా ఈ మధ్య దశవే.

2020లో విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిని కోవిడ్ ఆసుపత్రిగా మార్చాక మామూలు సర్జరీ కేసులు వేరే చోట్లు వెతుక్కోవాల్సి వచ్చింది. తిరువూరు వైపు నుంచో, అవనిగడ్డ వైపు నుంచో బయల్దేరిన మనిషికి ఏ గేటు తెరిచి ఉందో తెలుసుకోవడానికే సగం పూట పోయేది.

కారణం గురించి రెండు మాటలు. పుండు పడిందంటే గుంటూరు మిరపకాయ మీదా, ఆవకాయ మీదా నేరం మోపడం మనకి అలవాటు. పుండు ఉన్నవాడికి కారం మంట పుట్టించొచ్చు గానీ, పుండుకి అసలు ముద్దాయిలు ఇద్దరే: హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, నొప్పి బిళ్లలు. సిగరెట్, బీడీ వాటికి తోడు. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, నిమెసులైడ్ బిళ్లలు మన దగ్గర చీటీ లేకుండానే దొరుకుతాయి. పల్లెల్లో ఆర్‌ఎంపీ ఇచ్చే "పవర్ ఇంజెక్షన్"లో డైక్లోఫెనాక్‌తోపాటు డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) కూడా కలిసి ఉండటం మామూలే. స్టెరాయిడ్ ఒక్కటే అయితే పుండు ముప్పు అంతగా పెరగదు. నొప్పి బిళ్లతో కలిస్తే మాత్రం బాగా పెరుగుతుంది. కోవిడ్‌లో ఈ జోడీ ఇంటింటికీ వచ్చింది. డెక్సామెథసోన్ రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజులకి మించకుండా, ఆక్సిజన్ అవసరమైనవాళ్లకి మేలు చేస్తుందని 2020 జూన్‌లో తేలింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి మేలు లేదన్న రెండో సగం మాత్రం వాట్సాప్ చీటీల్లో రాలిపోయింది. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్, దాని మీద స్టెరాయిడ్, తినడానికి నోరు బాగోక ఖాళీ కడుపు.

స్టెరాయిడ్‌తో ఇంకో చిక్కుంది. అది పొట్ట బిగుసుకోవడాన్ని దాచేస్తుంది. వారం రోజులుగా డెక్సా పడుతున్న కోవిడ్ వార్డు పేషెంట్‌కి చిల్లు పడినా పొట్ట మెత్తగానే ఉండొచ్చు. కారణం దొరకని నాడి వేగం, ఉబ్బిన పొట్ట, కుడి భుజం మీద నొప్పి, ఒక్కసారిగా పెరిగిన ఆయాసం: వీటిలో ఏది కనపడినా దుప్పటి తీసి పొట్ట చూడాలి. "కోవిడే ముదిరింది" అనుకుని ఆక్సిజన్ పెంచుకుంటూ పోవడం తేలిక. బైపాప్, అంటే మాస్కుతో ఒత్తిడిగా గాలి తోసే మిషన్, పెడితే ఇంకా ప్రమాదం. ఆ మాస్కులోంచి తోసే గాలిలో కొంత జీర్ణాశయంలోకి దిగుతుంది, అక్కణ్ణుంచి చిల్లులోంచి పొట్టలోకి పోతుంది.

ఇంట్లో జరిగే పొరపాటు గోలీసోడా. గ్యాస్ పట్టిందని సోడా, ఈనో, వాము నీళ్లు. చిల్లు ఉన్నప్పుడు గొంతులోంచి దిగిందంతా ఆ చిల్లులోంచి పొట్ట ఖాళీలోకే కారుతుంది. టైము చెప్పగలిగేంత హఠాత్తుగా నొప్పి వచ్చి, పొట్ట గట్టిపడి, పడుకున్న మనిషి అటూ ఇటూ పొర్లకుండా బిగుసుకుపోతే నోట్లో గుక్కెడు నీళ్లు కూడా పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఆసుపత్రిలో జరిగే పొరపాటు గుండెపోటు అనుకోవడం. ఈసీజీ తియ్యాల్సిందే, కానీ అది మామూలుగా ఉండి పొట్ట గట్టిగా ఉంటే రక్తం పలచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లోడింగ్ డోసులు పోసెయ్యకూడదు. రక్తపరీక్షలో అమైలేజ్ అనే ఎంజైమ్ కొంచెం పెరిగిందని పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ముద్ర వెయ్యడం ఇంకోటి. చిల్లు పడ్డప్పుడూ అమైలేజ్ పెరుగుతుంది.

ఎక్స్‌రే దగ్గర కోవిడ్ వార్డు బాగా దెబ్బతీసింది. చిల్లులోంచి బయటికొచ్చిన గాలి డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర) కింద కనపడాలంటే మనిషి నిలబడాలి, లేదా నిటారుగా కూర్చోవాలి. వార్డులో పోర్టబుల్ మిషన్‌తో పడుకోబెట్టి తీసిన ఫిల్మ్‌లో గాలి ముందుకి తేలి పరుచుకుంటుంది, కనపడదు. పది నిమిషాలు కూర్చోబెట్టి ఆ తరవాత తియ్యాలి. కూర్చోలేకపోతే ఎడమ పక్కకి తిప్పి పది నిమిషాలు ఆగి, కిరణం అడ్డంగా పోయేలా తీస్తే లివర్‌కీ పొట్ట గోడకీ మధ్య గాలి నల్లగా కనపడుతుంది. అన్నీ సరిగ్గా చేసినా నూటికి ఇరవై ముప్పై మందిలో ఎక్స్‌రేలో గాలి దొరకదు. అనుమానం గట్టిగా ఉంటే సీటీ తియ్యాలి, ఛాతీ, పొట్ట ఒకే విడతలో. పేషెంట్‌ని రెండుసార్లు తిప్పితే స్కానింగ్ గదిని రెండుసార్లు శుభ్రం చెయ్యాలి.

సెకండ్ వేవ్‌లో ఊళ్లో ప్రతివాళ్లూ ఛాతీ సీటీ తీయించుకున్నారు కదా. ఆ స్కాన్ చివరి ముక్కల్లో లివర్ పైభాగం కూడా వస్తుంది. ఊపిరితిత్తుల స్కోరు చూసి కవరు మూసేస్తే ఆ ముక్కల్లో ఉన్న గాలి అలాగే ఉండిపోతుంది. లంగ్ విండోలోనే (ఊపిరితిత్తులు చూడటానికి పెట్టే సెట్టింగ్) లివర్ ముందు ఒకసారి చూస్తే చాలు, చిన్న బుడగ కూడా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: వెంటిలేటర్ మీదున్న కోవిడ్ పేషెంట్‌లో ఊపిరితిత్తి చిట్లి, ఆ గాలి ఛాతీ మధ్యలోంచి కిందికి జారి పొట్టలో చేరొచ్చు. చర్మం కింద, గుండె చుట్టూ కూడా గాలి ఉండి, పొట్టలో నీరు లేకుండా, మెత్తగా ఉంటే కత్తి పట్టుకునే ముందు ఆలోచించాలి. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తెల్లగా కనపడే మందు) తాగించి అది పొట్టలోకి కారుతుందో లేదో చూస్తే తేలిపోతుంది.

ఇక అసలు ప్రశ్న, కోవిడ్ రిపోర్టు. ఆర్‌టీపీసీఆర్‌కి గంటల నుంచి రోజుల దాకా పట్టేది. రాపిడ్ యాంటిజెన్ అరగంటలోపు వస్తుంది, కానీ నెగెటివ్ వస్తే నమ్మడానికి లేదు. మరోవైపు, చిల్లు పడి ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్ ఆలస్యమైన ప్రతి గంటకీ బతికే అవకాశం 2.4 శాతం చొప్పున తగ్గిందని డెన్మార్క్‌లో చూశారు. ఆరు గంటలు రిపోర్టు కోసం కూర్చుంటే ఏం పోతుందో లెక్క వేసుకోవచ్చు. కాబట్టి స్వాబ్ గుమ్మంలోనే తియ్యాలి, పేషెంట్ పాజిటివ్ అనుకుని ముందుకి పోవాలి, రిపోర్టు ఏ వార్డుకి పంపాలో తేల్చడానికి మాత్రమే వాడాలి. పాజిటివ్ మనిషికి ఆపరేషన్ చెయ్యడం తేలికని అనడం లేదు. 2020 మేలో కోవిడ్‌సర్జ్ అనే అంతర్జాతీయ సర్జన్ల బృందం 1128 మంది పేషెంట్ల లెక్క ప్రచురించింది. ఆపరేషన్ చుట్టుపక్కల రోజుల్లో కోవిడ్ ఉన్నవాళ్లలో నెలలోపు 23.8 శాతం చనిపోయారు, సగం మందికి ఊపిరితిత్తుల సమస్యలొచ్చాయి. ఆ లెక్క చూపించి హెర్నియాలు వాయిదా వెయ్యొచ్చు. కారుతున్న చిల్లుని వాయిదా వెయ్యడానికి అది పనికిరాదు.

కొయ్యకుండా చూడటం అనే దారి ఒకటి పాతదే, 1946లో టేలర్ చెప్పింది: రైల్స్ ట్యూబ్‌తో (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) కడుపు ఖాళీగా ఉంచడం, సెలైన్, యాంటీబయాటిక్స్, కనిపెట్టుకుని ఉండటం. కోవిడ్ మొదట్లో అందరికీ ఇది గుర్తొచ్చింది. కొందరిలో ఒమెంటం (పేగుల మీద దుప్పటిలా వేలాడే కొవ్వు పొర) తనంతట తానే వచ్చి చిల్లు మీద అతుక్కుంటుంది. 1989లో హాంకాంగ్‌లో 83 మంది మీద పరీక్షిస్తే, ఇలా చూసిన 40 మందిలో 11 మందికి చివరికి ఆపరేషన్ తప్పలేదు, డెబ్బై దాటినవాళ్లలో ఇది అంతగా పనిచెయ్యలేదు. నా అభిప్రాయం: వయసు తక్కువ, బీపీ బాగుంది, నొప్పి మెత్తబడుతోంది, కాంట్రాస్ట్ తాగిస్తే కారడం లేదు, ఇవన్నీ కలిసినప్పుడే ఈ దారి. అప్పుడు కూడా పన్నెండు గంటలే గడువు. ఈలోపు ప్రతి రెండు గంటలకీ ఒకే డాక్టర్ పొట్ట తడిమి చూడాలి. పీపీఈ వేసుకుని వార్డులోకి పోవడం బద్ధకమై నర్సుకి ఫోన్ చేసి "ఎలా ఉంది" అని అడిగేటట్టయితే ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మేలు.

థియేటర్ సిద్ధమయ్యేలోపు చేసేది చాలా ఉంది, ఆ గంటన్నర వృథా కాదు. రెండు పెద్ద క్యాన్యులాలు, రింగర్ లాక్టేట్. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం) లెక్కలో కిలోకి 30 మిల్లీలీటర్లు, అంటే అరవై కిలోల మనిషికి మూడు గంటల్లో 1800. ఊపిరితిత్తుల్లో కోవిడ్ ఉంటే అదంతా ఒకేసారి పొయ్యకూడదు. 250, 250 చొప్పున పోసి నాడి, మూత్రం, సాచ్యురేషన్ చూసుకోవాలి. బీపీ నిలబడకపోతే నార్‌అడ్రినలిన్ తొందరగా మొదలెట్టాలి. మూత్రం గంటకి కిలోకి అర మిల్లీలీటరు రావాలి. పిపరాసిలిన్ టాజోబాక్టమ్ 4.5 గ్రాములు, లేదా సెఫ్ట్రియాక్సోన్‌తో మెట్రోనిడజోల్, మొదటి గంటలోనే. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ నరానికి. రైల్స్ ట్యూబ్ వేసేటప్పుడు దగ్గొస్తుంది, తుంపర్లు పడతాయి. పేషెంట్ నోటి మీద మాస్క్ అలాగే ఉంచి ముక్కు మాత్రం తెరిచి వెయ్యాలి, వేసేవాళ్లు పక్కన నిలబడాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ పడుతోందా, చివరి డోసు ఎప్పుడు, ఎంత అని అడగాలి. దానికి విరుగుడైన ప్రోటమిన్ దాన్ని పూర్తిగా విరిచెయ్యలేదు.

షాక్‌లో ఉన్నాడా, ముందునుంచి పెద్ద జబ్బులున్నాయా, చిల్లు పడి ఇరవైనాలుగు గంటలు దాటిందా: బోయీ స్కోరు ఈ మూడింటిదే. మూడుకి మూడూ ఉంటే ఇంట్లోవాళ్లకి ఆపరేషన్‌కి ముందే సూటిగా చెప్పాలి. కోవిడ్‌లో వాళ్లు గేటు బయటే ఉంటారు కాబట్టి ఫోన్‌లో చెప్పాలి, ఎవరికి ఏం చెప్పామో టైముతో సహా రాసుకోవాలి.

మత్తు ఇచ్చేటప్పుడు గదిలో ముగ్గురికి మించి ఉండకూడదు. గట్టిగా అదిమిన మాస్క్‌తో మూడు నుంచి ఐదు నిమిషాలు ఆక్సిజన్, తరవాత కండరాలు సడలించే రోకురోనియం కిలోకి 1.2 మిల్లీగ్రాములు, బ్యాగ్‌తో ఊదకుండా నేరుగా ట్యూబ్. అందరికంటే అనుభవమున్న మత్తు డాక్టరే వెయ్యాలి, వీడియో లారింగోస్కోప్ ఉంటే దానితో. ట్యూబ్‌కీ సర్క్యూట్‌కీ మధ్య ఫిల్టర్ మరవకూడదు. ట్యూబ్ పడ్డాక సర్జన్ బృందం లోపలికి రావడానికి ఎంత ఆగాలన్నది గది గాలి మార్పిడిని బట్టి ఉంటుంది. గంటకి 12 సార్లు గాలి మారే థియేటర్లో 99 శాతం తుంపర్లు పోవడానికి 23 నిమిషాలు, ఆరు సార్లయితే 46. పాత కట్టడాల్లో స్ప్లిట్ ఏసీ ఉన్న థియేటర్‌కి ఈ లెక్కే లేదు, అది ఉన్న గాలినే తిప్పుతుంది. ఏసీ కట్టేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి పని కానిచ్చిన చోట్లు బోలెడు. రోహిణి కార్తెలో విజయవాడలో ఏసీ లేకుండా పీపీఈ కిట్‌లో రెండు గంటలంటే ఏమిటో వేసుకున్నవాళ్లకే తెలుసు. మాస్క్ పైఅంచుకి ప్లాస్టర్ అంటించకపోతే పది నిమిషాల్లో గాగుల్స్ మసకబారతాయి, తుడుచుకోవడానికి ఉండదు.

పొట్ట బొడ్డు పైన నిట్టనిలువుగా తెరుస్తారు. లోపలున్న పసుపు, పచ్చ రంగు నీరు సక్షన్ చేసి, కొంచెం కల్చర్‌కి పంపి, లివర్‌ని పైకెత్తితే చిల్లు మామూలుగా అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే ఒమెంటంలో దారి చేసుకుని జీర్ణాశయం వెనకవైపు చూడాలి. అతికించే పద్ధతికి గ్రాహమ్ ప్యాచ్ అని పేరు. 1937లో టొరంటోలో రోస్కో గ్రాహమ్ ఒమెంటం ముక్కని వేరుగా కోసి వేశాడు. ఇప్పుడు మనం చేసేది రక్తప్రసరణ తెగకుండా ఒమెంటం నాలుకని లాక్కొచ్చి వెయ్యడం, అది 1929లో సెలన్ జోన్స్ చెప్పింది. పేరు మాత్రం గ్రాహమ్‌కే దక్కింది.

చిల్లు అంచుకి సెంటీమీటరు దూరంలో, గట్టిగా ఉన్న కణజాలంలోంచి, 2-0 లేదా 3-0 విక్రిల్‌తో మూడు కుట్లు: చిల్లు పైన ఒకటి, మీదుగా ఒకటి, కింద ఒకటి. సూది ఒకవైపు నుంచి చిల్లులోకి వచ్చి, అక్కడ బయటికి తీసి, మళ్లీ రెండోవైపు పోవాలి. ఒకే ఊపులో పోనిస్తే వెనక గోడని కలిపి కుట్టేసే ప్రమాదముంది, డుయోడినమ్ మూసుకుపోతుంది. అంచులు వాచి మెత్తబడి ఉంటే చిల్లుని దగ్గరికి లాగి మూయాలని చూడకూడదు, దారం తెంపుకుని వచ్చేస్తుంది, అయిదు మిల్లీమీటర్ల చిల్లు పదిహేను అవుతుంది. కుట్లు విడిగా ఉంచి, మధ్యలో ఒమెంటం పరిచి, దాని మీద ముడి వెయ్యాలి. ముడి ఎంత బిగించాలన్నదే ఈ ఆపరేషన్‌లో అసలు చెయ్యి. ఒమెంటం కాస్త ముడతపడాలి, కదలకుండా కూర్చోవాలి, రంగు గులాబీగానే ఉండాలి. నల్లబడితే ముడి విప్పి మళ్లీ వెయ్యాలి, ఎందుకంటే రక్తం అందని ఒమెంటం నాలుగో రోజుకి ఊడుతుంది. రెండు జతల గ్లవ్స్‌లో దారం బిగువు వేలికి తెలియదు, మసక గాగుల్స్‌లో రంగు తెలియదు. అందుకే ముడి వేశాక లైటు సర్దించుకుని ఒక నిమిషం ఆగి చూడాలి. తరవాత పొట్టలో సెలైన్ పోసి, మత్తు డాక్టర్‌ని రైల్స్ ట్యూబ్‌లోంచి గాలి తోయమంటే బుడగలు రాకూడదు.

ఒమెంటం లేకపోతే, ముందు ఆపరేషన్లలో తీసేసి ఉంటే, లివర్ ముందుండే ఫాల్సిఫారం లిగమెంట్ వాడొచ్చు. చిల్లు రెండు సెంటీమీటర్లు దాటితే ప్యాచ్ ఒక్కటే నమ్ముకోకూడదు, జెజునం పేగుని తెచ్చి అతకడం, పైలోరస్‌ని (జీర్ణాశయం బయటి ద్వారం) మూసి పక్కదారి పెట్టడం లాంటివి కావాలి. అప్పుడు పెద్ద సర్జన్‌ని పిలవడానికి మొహమాటపడొద్దు. చిల్లు జీర్ణాశయంలో ఉంటే అంచు ముక్క బయాప్సీకి పంపి తీరాలి, క్యాన్సర్ కూడా ఇలాగే చిల్లు పడుతుంది.

కడగడం గోరువెచ్చటి సెలైన్‌తో, వచ్చే నీరు తేటగా అయ్యేదాకా. లివర్ కింద, రెండు డయాఫ్రంల కింద, పక్క గుంటల్లో, కింద కటిలో. కాటరీ (కరెంటుతో కాల్చి రక్తం ఆపే పరికరం) తక్కువ పవర్‌లో పెట్టి, పొగని అసిస్టెంట్ వెంటవెంటనే సక్షన్‌తో లాగేస్తుండాలి. లాపరోస్కోపీ (పొట్టలో గ్యాస్ నింపి చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) మీద 2020 మొదట్లో చాలా గొడవ జరిగింది, గ్యాస్‌లో వైరస్ వస్తుందేమోనని. అలా అంటుకున్నట్టు ఆధారం తరవాత కూడా దొరకలేదు. చేతికి అలవాటున్నవాళ్లు చెయ్యొచ్చు: ప్రెషర్ 10 నుంచి 12, పోర్టులు (పరికరాలు దూర్చే గొట్టాలు) బిగువుగా, చివర్లో గ్యాస్ మొత్తం ఫిల్టర్‌లోంచి తీశాకే పోర్టు లాగడం. అలవాటు లేనివాళ్లు నేర్చుకోవాల్సిన రోజులు మాత్రం అవి కావు.

పొట్ట మూసేటప్పుడు కోవిడ్ దగ్గుని లెక్కలో పెట్టుకోవాలి. గాయం పొడవుకి కనీసం నాలుగింతల దారం పట్టేలా దగ్గర దగ్గరగా కుట్టాలి. దగ్గే మనిషిలో ఐదు నుంచి ఎనిమిదో రోజు మధ్య డ్రెస్సింగ్ గులాబీ రంగు నీటితో తడిస్తే లోపలి కుట్లు తెగుతున్నట్టే. రేపు చూద్దాం అనకుండా చేత్తో అదిమిపట్టి థియేటర్‌కి తీసుకుపోవాలి. దగ్గొచ్చినప్పుడు దిండు పొట్టకి హత్తుకోమని, నడుంపట్టీ కట్టుకోమని మొదటి రోజే నేర్పాలి.

తరవాతి రోజుల్లో ఎనాక్సాపరిన్ 40 మిల్లీగ్రాములు రోజూ, కోవిడ్‌లో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ. మూడు బంతుల స్పైరోమీటర్ గంటగంటకీ. మంచం దిగి కుర్చీలో కూర్చోవడం మర్నాడే. మూడు నుంచి ఏడో రోజు మధ్య నాడి మళ్లీ పెరిగితే, పొట్టలో పెట్టిన డ్రెయిన్ గొట్టంలో పచ్చరసం కనిపిస్తే ప్యాచ్ కారుతోందని అనుకోవాలి. జ్వరం వస్తే ముందు కోవిడ్ మీదకే చూపు పోతుంది, డయాఫ్రం కింద చీము కూడా అలాగే మొదలవుతుంది. సీటీ తీసేటప్పుడు ఛాతీతో ఆపకుండా పొట్ట కూడా తియ్యాలి.

ఇంటికి పంపేటప్పుడు చీటీలో పైలోరికి పద్నాలుగు రోజుల కోర్సు రాసుండాలి: పాంటోప్రజోల్ 40, అమాక్సిసిలిన్ 1 గ్రాము, క్లారిత్రోమైసిన్ 500, మూడూ రోజుకి రెండుసార్లు. పెన్సిలిన్ పడనివాళ్లకీ, క్లారిత్రోమైసిన్ పనిచెయ్యనివాళ్లకీ బిస్మత్ కలిసిన కోర్సు. నొప్పులకి ఇకమీదట పారాసిటమాల్. గుండెకి ఆస్పిరిన్ తప్పనివాళ్లు గుండె డాక్టర్‌ని అడక్కుండా మానకూడదు, పాంటోప్రజోల్ తోడుగా కొనసాగించాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఎండోస్కోపీ. పైలోరి పోయిందో లేదో చూసే పరీక్ష యాంటీబయాటిక్స్ అయిపోయిన నాలుగు వారాల తరవాతే, దానికి ముందు రెండు వారాలు పాంటోప్రజోల్ ఆపి చెయ్యాలి. ఆపకపోతే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు.